మొదటికొచ్చింది, మొదలువెట్టిండు

మా చిన్నాయిన వీపు కింది పుండు తిరగబెట్టి జ్వరం పట్టుకున్న రోజు ఊళ్లో అందరూ ఒకే మాట అన్నారు. “పాపం, మళ్లా మొదటికొచ్చింది.” మా బావ రెండు వారాలకు పైగా ఆసుపత్రిలో ఉండి, కల్లు మానుకుని ఇంటికొచ్చి, దీపావళి వెళ్లిన నాలుగు రోజులకు తిరిగి సీసా పట్టుకున్నప్పుడు వాళ్ల ఊళ్లో కూడా అందరూ ఒకే మాట అన్నారు. “మళ్లా మొదలువెట్టిండు.”

రెండింట్లోనూ ఉన్నది ‘మొదలే’. మొదటి మాటలో వచ్చింది రోగం. మనిషి అందులో ఎక్కడా కనబడడు, తప్పు ఆయనకు అంటదు. రెండో మాటలో పెట్టినవాడు మనిషి. అందులో రోగం కనబడదు, తప్పంతా ఆయనదే. ఒక క్రియ చివర ‘ఇంది’, ఇంకో క్రియ చివర ‘ఇండు’. ఈ రెండు తోకల మధ్య మా ఇంటి ఆడవాళ్లిద్దరు, చిన్నమ్మా అక్కా, ఏళ్ల తరబడి నలిగారు. ఇద్దరిదీ ఒకటే పని. ఆసుపత్రి నుంచి సగం బాగై వచ్చిన మనిషి వెనక్కి జారిన ప్రతిసారీ పట్టుకోవడం. చిన్నమ్మ ఇంటికి వచ్చినవాళ్లు పండ్ల సంచితో వచ్చారు. అక్క ఇంటికి వచ్చినవాళ్లు ఎత్తిపొడుపుతో వచ్చారు. ఈ తేడా న్యాయమైనదేనా అని నేను చాలాకాలం అడుగుతూ వచ్చాను. పూర్తిగా అన్యాయమని కూడా చెప్పలేను. అందుకే రెండు మంచాలనూ పక్కపక్కన వేసి చూడాలని ఈ ప్రయత్నం.

మాది నల్లగొండ జిల్లా మునుగోడు వైపు గీత కార్మికుల ఇల్లు. అక్కను ఇచ్చింది పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో, అదే కులవృత్తి చేసే ఇంట్లో. చిన్నాయిన మోకు ముస్తాదు కట్టుకుని రోజూ తాళ్లెక్కేవాడు. బావ మాత్రం చెట్టెక్కడం ఎప్పుడో మానేసి ఒక కల్లు దుకాణంలో సీసాలు కడిగి నింపే పనికి కుదిరాడు. ఒక విధంగా ఇద్దరూ పడ్డది ఒకే చెట్టు మీది నుంచి. ఒకాయన మోకు జారి పడ్డాడు. ఇంకొకాయన చెట్టుతో సంబంధం తెగిపోయిన కల్లులో పడ్డాడు.

చెట్టు కల్లు సంగతి తెలిసినవాళ్లకు ఈ మాట వెంటనే అర్థమవుతుంది. తాడైనా ఈతైనా తనకు ఉన్నంతే ఇస్తుంది. పొద్దున దించింది సాయంత్రానికి పులుస్తుంది, మరునాటికి పనికిరాదు. చెట్లు తక్కువై గిరాకీ ఎక్కువైన చోట ఆ కొరతను నీళ్లతో, తీపి కోసం శాక్రిన్‌తో నింపారు. నీళ్లకు నిషా ఉండదు గనుక క్లోరల్ హైడ్రేట్, డైజపామ్, అల్‌ప్రాజోలం కలిపారు. జనం దాన్ని మందుకల్లు అన్నారు. ఇవి నరాల ఉద్రేకాన్ని అణిచే మందులు. మన మెదడులో గాబా అనే రసాయనం చేసే పని కూడా అదే. బయటి నుంచి రోజూ కళ్లెం వేసేవాడు దొరికితే మెదడు తన కళ్లెం తాను వదిలేస్తుంది. ఆ బయటి కళ్లెం ఒక్కసారిగా తెగితే నరాలు బెదిరిన కోడెల్లా ఉరుకుతాయి. చేతులు వణుకుతాయి, నిద్ర పోతుంది, లేని మనుషులు కనబడతారు, ఫిట్స్ వస్తాయి.

2015 సెప్టెంబరులో జరిగింది ఇదే. కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు పెంచింది. దుకాణాల్లో మందు కలవని కల్లు మిగిలింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆసుపత్రులకు జనం ఆటోల్లో వచ్చి పడ్డారు. ఒకరు గోడతో మాట్లాడతారు, ఒకరు మంచం దిగి పారిపోతారు, ఒకరు నాలుక కొరుక్కుంటారు. కొందరిని హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపారు. మా బావ ఆ నెలలోనే మంచం ఎక్కాడు. చిన్నాయిన పడ్డది ఆ మరుసటి ఎండాకాలం. నడుముకు కాస్త పైన వెన్నుపూస చితికింది. రాడ్లు వేసి స్క్రూలు బిగించారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద ఆపరేషన్ జరిగిపోయింది. ఆ పథకం 2007 ఏప్రిల్ 1న మొట్టమొదట మొదలైన మూడు జిల్లాల్లో పాలమూరు ఒకటి. దాని వల్ల బతికిన ప్రాణాలు మా చుట్టాల్లోనే ఉన్నాయి. కానీ కుట్లు విప్పిన తర్వాతి నెలలకు, కాళ్లు రాని మనిషిని ఇంట్లో ఎట్లా చూసుకోవాలన్న పాఠానికి, ఆ కార్డులో చోటు కనబడలేదు. మంచం ఖాళీ చేసిన రోజునే అసలు పని మొదలవుతుందని మాకు ఎవరూ చెప్పలేదు.

ముందు చిన్నాయిన వెనకడుగుల సంగతి చెప్తాను. అవి కంటికి కనబడేవి గనుక చెప్పడం తేలిక. ఒకనాడు ఆయన కాలివేళ్లు కదిలాయి. చిన్నమ్మ నాకు ఫోన్ చేసి ఏడ్చింది. “కాళ్లు కదిలినై కొడుకా, నా రెండు కండ్లతోని సూసిన.” మరునాడు డాక్టరు చూసి అది మెదడు మాట విని కదిలింది కాదన్నాడు. గాయం కింద ఉన్న వెన్నుపాము తనంతట తాను చేసే విదిలింపు అన్నాడు. ఆ సాయంత్రం చిన్నమ్మ అన్నం తినలేదు. రోగం ముదరలేదు, గాయం పెరగలేదు, నిన్నటికీ ఇవాళ్టికీ ఆయన ఒంట్లో ఏ మార్పూ లేదు. అయినా అది మేం చూసిన అతి పెద్ద వెనకడుగు. రోగికి కాదు, ఆశకు తగిలిన దెబ్బ అది.

పుండు సంగతి వేరు. నడుము కింద స్పర్శ పోయిన మనిషికి ఒకేవైపు పడుకున్నా నొప్పి తెలియదు. నొప్పి తెలిసినవాళ్లం మనం నిద్రలో కూడా పక్కకు మర్లుతాం. ఆయనను రెండు గంటలకోసారి ఎవరో మర్లించాలి. కుర్చీలో ఉన్నప్పుడు మధ్యమధ్య చేతులు ఆనించి ఒళ్లు పైకి లేపుకోవాలి. ఇంత చిన్న పని తప్పితే రక్తం ఆడక చర్మం నల్లబడుతుంది, లోపల ఎముక దాకా తొలుస్తుంది. పుండు మానేదాకా కుర్చీ ఎక్కరాదు, కసరత్తు లేదు. రెండు నెలల్లో చేతులకు తెచ్చుకున్న బలం మంచంలోనే కరిగిపోతుంది. చిన్నాయినకు అట్లా మూడుసార్లు అయింది. మూత్రం పైపు వల్ల చలిజ్వరాలు లెక్కలేనన్ని. వచ్చిన ప్రతిసారీ ఊరు “మొదటికొచ్చింది” అంది, ఆయనను పల్లెత్తు మాట అనలేదు.

బావది అట్లా కాదు. ఆయనకు డాక్టరు ఇచ్చింది డైజపామ్ జాతి మాత్రలే. కల్లులో ఉన్న మందును కొలిచి, చీటీ మీద రాసి, వారానికింత తగ్గిస్తూ పోయే వైద్యం. ముల్లును ముల్లుతోనే తీయడం. అక్క అత్తమ్మకు ఇది ఎక్కలేదు. “గవి సుత నిషా గోలీలే గదా, ఒక నిషా మాన్పి ఇంకో నిషా పెడుతరా?” అని మాత్రల పొట్లం తీసుకుపోయి పెంటకుప్పలో వేసింది. ఆమెను తప్పు పట్టలేను. కొడుకును కాపాడుతున్నాననే అనుకుంది. మూడో రోజు బావకు ఫిట్స్ వచ్చాయి. తల అరుగుకు తగిలి నెత్తురు కారుతుంటే గుమిగూడిన వాళ్లు ముందుగా చేసిన పని నోటి దగ్గర వాసన చూడటం. ఆ రోజు ఆయన నోట కల్లు చుక్క పడలేదు. అయినా మాట మారలేదు. “మళ్లా మొదలువెట్టిండు.”

దీపావళి తర్వాత నిజంగానే తాగాడు. అది దాచను. అక్క పెట్టెలో దాచిన డబ్బు తీశాడు, అబద్ధం చెప్పాడు, పిల్లల ముందు అరిచాడు. చిన్నాయిన పుండుకు కారణం ఆయన చేయి కాదు. బావ సీసా ఎత్తింది ఆయన చేయే. ఈ రెండింటికీ తేడా లేదని వాదించే వాళ్లతో నేను ఏకీభవించను. అక్కకు కోపం వచ్చే హక్కు ఉంది. ఇంకా చెప్పాలంటే చిన్నమ్మకు కోపం పెట్టుకోవడానికి మనిషే దొరకలేదు. ఆ ఏడు ఆమె మా గీత కార్మికుల దేవుడు కాటమయ్య పండుగకు బోనం ఎత్తలేదు. దేవుడి మీద అలిగింది. అక్కకు అలిగేందుకు ఎదురుగానే మనిషి ఉన్నాడు. ఇందులో ఏది ఎక్కువ బరువో తూచగల తక్కెడ నా దగ్గర లేదు.

నన్ను వేధించింది ఇంకో సంగతి. నల్లగొండవాళ్లకు నోటితో తాగిన విషం ఒంటిని వంచేయడం కొత్త కాదు. ఈ గ్రానైటు నేలలో బోరు లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడ్ పైకొచ్చింది. 1955లోనే సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి రాశాడు. లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే తాగరాదని ప్రమాణం. మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు దాన్ని దాటిన బావుల నీళ్లే తరాల తరబడి తాగారు. పండ్ల మీద పసుపుగార పట్టింది, మోకాళ్లు వంకరపోయాయి, వెన్నుపూసలను కట్టి ఉంచే పట్టీలు ఎముకలుగా మారి వెన్నుపామును నొక్కి కాళ్లు పడిపోయినవాళ్లున్నారు. నీళ్లలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను దించే పద్ధతిని నాగపూర్ నీరీ శాస్త్రవేత్తలు 1970లలో రూపొందించారు. దాని పేరే నల్లగొండ టెక్నిక్. రోగం పేరుతోనే ప్రపంచానికి తెలిసిన జిల్లా మాది. శివన్నగూడేనికి చెందిన అంశాల స్వామి ఆ పోరాటానికి ముఖమయ్యాడు. 2023 జనవరిలో ఆయన చనిపోయినప్పుడు రాష్ట్రమంతా బాధపడింది.

ఆయనను ఎవరూ “నీళ్లు తాగినోడు” అనలేదు. ఫ్లోరైడ్ బాధితుడు అన్నాం. సరైన మాటే. నీళ్లలో ఏముందో తెలియక తాగాడు, వేరే నీళ్లు లేక తాగాడు. మరి మా బావ తాగిన సీసాలో అల్‌ప్రాజోలం ఉందని ఆయనకు ఎవరు చెప్పారు? సీసా మీద చీటీ ఉందా? కల్లు తాగాలనుకుని పట్టుకున్నది ఆయనే, కానీ మందు తాగాలనుకుని పట్టుకోలేదు. పొద్దంతా కూలికి పోయి ఒళ్లు నొప్పులు తీరాలని తాగే ఆడవాళ్లు పాలమూరులో ఎందరో ఉన్నారు. వాళ్లకూ తెలియదు. నీళ్లలో కలిసింది రాయి నుంచి వచ్చింది, ఇది మనిషి చేత్తో కలిసింది. అంటే ఇక్కడ తప్పు చేసినవాడు ఇంకా స్పష్టంగా ఉన్నాడు. అయినా నల్లగొండలో బాధితుడనే మాట పుట్టింది, పాలమూరులో తాగుబోతనే మాట దగ్గరే ఆగిపోయాం. నల్లగొండకు ఆ మాట ఊరకే రాలేదు. ఏళ్ల ఉద్యమం, ఢిల్లీ దాకా మోసుకుపోయిన వంకర కాళ్లు, పత్రికల్లో ఫోటోలు కలిసి దాన్ని నేర్పాయి. మందుకల్లు మానలేక పడిపోయినవాళ్లను ఎవరు ఎక్కడికి మోసుకుపోయారు?

మన సినిమా కూడా ఈ తేడాను మోస్తూనే వచ్చింది. 1953లో అక్కినేని నాగేశ్వరరావు దేవదాసు. 2016లో ఆయన కొడుకు నాగార్జున ‘ఊపిరి’లో చక్రాల కుర్చీ మనిషి. తండ్రీ కొడుకుల ఈ రెండు పాత్రలను పక్కన పెట్టి చూస్తే మా ఇంటి రెండు మంచాలే కనబడతాయి. దేవదాసు తాగుడు ప్రేమకు కొలత, ఆత్మకు గాయం, చివరికి పార్వతి గుమ్మం ముందు అందమైన చావు. ఆయనకు వైద్యం జరగాలని చూసేవాళ్లకు అనిపించదు, ఆయన చావుతోనే కథ పండుతుంది. ఊపిరిలో విక్రమాదిత్యకు మెడ కింద కదలిక లేదు. కానీ కథ ఆయనను చావనివ్వదు. జైలు నుంచి వచ్చిన శీను అనే మనిషి, జాలి పడటం తెలియనివాడు, ఆయనకు తోడుంటాడు. ఫ్రెంచి సినిమా నుంచి తెచ్చుకున్న కథే అయినా ఈ ఒక్క మాట కోసం నేను దానికి నమస్కారం పెడతాను. జాలి లేని తోడు ఎంత బలమో అంత బాగా చూపిన తెలుగు సినిమా నేను చూడలేదు. అయితే విక్రమాదిత్య కోటీశ్వరుడు, తోడుకు జీతమిచ్చి మనిషిని పెట్టుకోగలిగినవాడు. రెండు గంటలకోసారి మర్లించడానికి రాత్రి అలారం పెట్టుకుని లేచే భార్య ఆ కథలో లేదు. దేవదాసు కథలో చంద్రముఖి ఉంది. ఆమె సేవకు మనం కన్నీళ్లు పెట్టుకున్నాం గానీ ఆ సేవ ఎందుకు పనిచేయలేదని అడగలేదు.

సేవ ఎట్లా చేయాలో నేర్చుకోవలసిన విద్య అని ప్రపంచం తెలుసుకుని ఎంతో కాలం కాలేదు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గుట్‌మన్ వెన్ను విరిగిన సైనికుల వార్డు తెరిచేనాటికి అట్లాంటి మనుషులను చావుకు వదిలేసేవారు. పుండ్లతోనో మూత్రపు ఇన్‌ఫెక్షన్‌తోనో ఎక్కువమంది పోయేవారు. నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన ఆ యూదు వైద్యుడు కొత్త మందేమీ కనిపెట్టలేదు. రాత్రింబగళ్లు రెండు గంటలకోసారి మర్లించమన్నాడు, పైపు శుభ్రంగా పెట్టమన్నాడు, ఆటలాడించాడు. 1948లో ఆయన పెట్టిన పోటీలే పెరిగి పారాలింపిక్స్ అయ్యాయి. మన దగ్గరికొస్తే వేలూరు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో నడుము కింద చచ్చుబడి, చక్రాల కుర్చీలోంచే కుష్ఠు రోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. 1966లో అక్కడ పునరావాస కేంద్రం వచ్చింది. రోగితో పాటు ఇంటి మనిషికి కూడా నేర్పి పంపడం అక్కడి పద్ధతి.

వేలూరు పక్కన చెన్నైని పెట్టండి. శాంతి రంగనాథన్ భర్త తాగుడు వల్ల 1979లో చనిపోయాడు. మరుసటి ఏడు, 1980లో, ఆమె ఆయన పేరు మీద టి.టి. రంగనాథన్ సంస్థ పెట్టింది. తాగేవాళ్లకు వైద్యం ఒక ఎత్తు, వాళ్ల ఇంటివాళ్లకు వేరుగా పాఠాలు ఇంకో ఎత్తు. వేలూరు పాఠం ఇంటి మనిషితో “నువ్వు ఇది చెయ్యి” అంటుంది. చెన్నై పాఠం ఎక్కువగా “నువ్వు ఇది మానెయ్యి” అంటుంది. వాసన చూడటం, జేబులు వెతకడం, ఆయన అప్పులు తీర్చి దాచిపెట్టడం, ఆయన తాగితే నీ తప్పనుకోవడం మానెయ్యి అని. ఒకచోట గడియారం మనిషిని బతికిస్తుంది. ఇంకోచోట గడియారం పట్టుకుని కాపలా కాస్తే ఇద్దరి ఊపిరీ ఆగుతుంది. చిన్నమ్మది చేతుల అలసట. అక్కది చూపుల అలసట. బావ బయటికి పోతే వాకిలి వైపు, ఇంట్లో ఉంటే ఆయన కళ్ల వైపు చూసీ చూసీ ఆమె రాత్రి కళ్లు మూసుకున్నా చూపు ఆగేది కాదు.

ఇద్దరిలో ఎవరూ వేలూరు పోలేదు, చెన్నై పోలేదు. పంపి ఉంటే తారుమారుగా పంపవలసిందని నాకు తర్వాత అనిపించింది. అక్కకు కావలసింది వేలూరు విద్య. మాత్ర ఎందుకిస్తున్నారు, ఎప్పుడు సగం చేయాలి, హఠాత్తుగా ఆపితే ఏమవుతుంది, అత్తమ్మకు ఎట్లా చెప్పాలి. చిన్నమ్మకు కావలసింది చెన్నై విద్య. ఎందుకంటే చిన్నమ్మ ప్రేమతోనే చిన్నాయినను ఒక ఏడు వెనక్కి నెట్టింది. ఈ మాట రాయడానికి నాకు బాధగా ఉంది గాని నిజం. ఆయన చేతులతో ఒళ్లు లేపుకోబోతే “నీకెందుకయ్యా కష్టం, నేనున్న గదా” అని ఆమే లేపేది. గ్లాసు ఆమే పట్టేది, ఈగను ఆమే తోలేది. ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి ఒకనాడు ఆమె చేతులు పట్టుకుని ఆపి, “ఆయన చేతులు బాగనే ఉన్నయి కదమ్మా” అంది. అంతే. చిన్నమ్మ వెళ్లి గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ మాటను జీర్ణం చేసుకోవడానికి ఆమెకు నెల పట్టింది.

ఇంకో సంగతి రెండు మంచాల దగ్గరా ఒకేలా జరిగింది. మూడోసారి పుండు పడింది చిన్నమ్మ తమ్ముడి బిడ్డ పెండ్లికి పోయి వచ్చిన మరునాడు. ఊరు చిన్నాయినను ఏమీ అనలేదన్నాను కదా. ఆ అనని మాటంతా ఆమెకు మిగిలింది. “ఒక్క దినం ఇడిసిపెట్టి పోతే సూడు, గిట్లాయె.” పుండు ఒక్క రోజులో పడదు, అంతకు ముందే లోపల మొదలై ఉంటుంది. ఎవరు వింటారు? అక్కతో అన్న మాట ఇంకా పాతది. “నువ్వు మంచిగుంటే వాడెందుకు తాగుతడు.” మొదటికొచ్చింది అన్నా, మొదలువెట్టిండు అన్నా, చివరికి తప్పు వచ్చి ఆగింది మంచం పక్కన నిలబడ్డ ఆడమనిషి దగ్గరే.

ఇక వెనకడుగు పడినప్పుడు ఏమనాలి? చూడవచ్చిన వాళ్లు రెండు మాటలే తెచ్చారు. “ఏం గాదు, లేసి నడుస్తవ్” అనేది ఒకటి. “ఇగ గింతే” అనేది, వాకిట్లోకి పోయాక గొంతు తగ్గించి, ఇంకొకటి. రెండూ అబద్ధాలే. చిన్నమ్మ మెల్లగా మూడో మాట నేర్చుకుంది. గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేది. పొద్దుటి నుంచి ఆయన ఎన్నిసార్లు తనంతట తాను మర్లాడు, ఎన్నిసార్లు చేతుల మీద లేచాడు. “నిన్న మూడు, ఇయ్యాల నాలుగు” అనేది. తాళ్ల లెక్కకు గోడ మీద గీతలు పెట్టే ఇల్లే కనుక ఆయనకు ఆ భాష వెంటనే అందింది. పుండు పడి గీతలు ఆగిన నెలల్లో పాత గీతలను చెరపలేదు. మళ్లీ కుర్చీ ఎక్కిన రోజు వాటి పక్కనుంచే కొత్తవి పెట్టింది. మొదటికి వచ్చిందన్న ఊరి మాటకు ఆ గోడే జవాబు. మొదటి రోజు ఆ గోడ ఖాళీగా ఉంది.

అక్కకు గోడ లేదు. మానిన రోజులను గోడ మీద గీస్తే వచ్చినవాళ్లందరికీ తెలుస్తుంది, పరువు పోతుంది. మత్తు తిరగబెట్టడాన్ని పరువుతో కాక రోగంగా చూసిన పరిశోధన ఒకటుంది. 2000లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో మెక్‌లెల్లన్, మరి ముగ్గురు పరిశోధకులు మత్తు అలవాటును మధుమేహం, రక్తపోటు, ఉబ్బసంతో పక్కపక్కన పెట్టి చూశారు. వైద్యం తర్వాత తిరగబెట్టడం ఈ అన్నింటిలోనూ ఇంచుమించు ఒకే తీరుగా ఉందని రాశారు. చక్కెర పెరిగి ఆసుపత్రిలో చేరినవాడిని చూసి వైద్యం దండగ అని ఎవరూ అనరు. మత్తు తిరగబెడితే అంటారు. నేను దీన్ని అక్కకు చెప్పినప్పుడు ఆమె అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. “తమ్మీ, చక్కెర బీమారి ఉన్నోడు ఇంట్ల పైసలు ఎత్కపోడు.” నిజమే. పరిశోధన చెప్పింది నిజం, అక్క చెప్పిందీ నిజం. ఆమెకు తోడుగా ఉండాలనుకునేవాళ్లు రెండో నిజాన్ని ముందు వినాలి. నేను చాలా ఆలస్యంగా విన్నాను.

అక్క చేసిన పని ఒకటి చెప్తాను. రెండోసారి తాగి వచ్చిన పొద్దున ఆమె తిట్టలేదు, బుజ్జగించలేదు. డాక్టరు చీటీ, బస్సు కిరాయి బల్ల మీద పెట్టి, “తొమ్మిదింటికి బస్సు. వస్తనంటే నేనొస్త. రానంటే నేను పనికి పోత” అంది. ఆ రోజు ఆయన రాలేదు. ఆమె పనికి పోయింది. పదకొండో రోజు ఆయనే చెప్పులేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ప్రభుత్వం చూపు కూడా ఊరి చూపే. చెట్టు మీది నుంచి పడ్డవాడికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ ఉంది, పింఛను ఉంది, 2019లో 3,016 రూపాయలు, 2023లో 4,016. పడకుండా ఉండేందుకు 2024 జూలై 14న లష్కర్‌గూడలో కాటమయ్య పేరుతోనే రక్షణ కవచాల పంపిణీ మొదలైంది. చిన్నాయిన టీవీలో ఆ తాళ్లను, కొక్కేలను చాలాసేపు చూశాడు. బావ లాంటివాళ్లకు వచ్చింది దాడులు, కేసులు, దుకాణానికి సీలు. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మానసిక వ్యాధి ఉంది, మత్తు అలవాటు లేదు. 2022 అక్టోబరు నుంచి 14416కు ఫోన్ చేస్తే మనసు బాధలకు మాట్లాడేవాళ్లు దొరుకుతున్నారు, అది మేలు. కానీ దుకాణంలో మందు ఆపించే రోజునే పక్కన వార్డులో మంచాలు, మాత్రలు సిద్ధం చేయకపోతే ఏమవుతుందో 2015లో చూశాం. కళ్లెం తెంపేవాడే కోడెను పట్టుకునే మనిషిని కూడా వెంట తేవాలి.

ఆసుపత్రి బోర్డుల మీద పునరావాసం అని రాసి ఉంటుంది. మా రెండు జిల్లాల్లో ఆ మాట వినగానే గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు. నాగార్జునసాగర్ కింద, శ్రీశైలం కింద మునిగిన ఊళ్లు. పొలం పోయి, ఇల్లు పోయి, ఎక్కడో గుట్ట పక్కన ఇచ్చిన జాగాలో మళ్లీ పొయ్యి పెట్టుకున్నవాళ్ల మాట అది. మొదట ఇది తప్పు అనువాదం అనుకునేవాణ్ని. ఇప్పుడు అనుకోను. చిన్నాయిన పాత ఒంటికి తిరిగి పోలేదు. వేరే ఒంట్లోకి కాపురం మార్చాడు. బావ కూడా పాత ఇంట్లోకి రాలేదు, సాయంత్రం ఐదు దాటితే ఏం చేయాలో తెలియని కొత్త ఇంట్లోకి వచ్చాడు. ముంపు ఊరి ముసలివాళ్లు నీళ్లు తగ్గిన ఎండాకాలం వెళ్లి తమ గుడి శిఖరం చూసి వస్తారు. వాళ్లు వెనక్కి జారిపోయారని ఎవరూ అనరు.

ఈ మధ్య మా ఇంట్లో ఒక పెండ్లి. చిన్నాయిన కుర్చీలో పందిరి కింద ఉన్నాడు, వచ్చినవాళ్ల కట్నాలు రాస్తున్నాడు. అక్క ఒక్కతే వచ్చింది. బావ ఏడని ఎవరూ అడగలేదు, అడగకపోవడంలోనే అందరూ అడిగారు. వంటల దగ్గర ఉల్లిగడ్డలు కోస్తున్న చిన్నమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని అక్క పక్కన కూర్చుంది.

“మళ్లా మొదటికొచ్చిందా బిడ్డా?” అంది.

అక్క కాసేపు ఆమె ముఖంలోకే చూసింది.

“ఆ సిన్నమ్మా. పోయిన సోమారం నుంచి. దవాఖానకు పోయినం. గోలీలు మార్చి రాసిండ్రు.”

చిన్నమ్మ కత్తిపీట ఇంకొకటి తెచ్చి అక్క ముందు పెట్టింది.